చెలిమ నీళ్ళతో ఎల్బీనగర్ దాకా

హైదరాబాదు పోయి వచ్చానని తెలియగానే మా ఊళ్ళో అందరూ అడిగిన మొదటి మాట "చార్మినార్ చూసినవా?" అని. చూడలేదు. ట్యాంక్‌బండ్ చూడలేదు, గోల్కొండ చూడలేదు. నాలుగు రోజులు ఉండి నేను చూసింది ఎల్బీనగర్ చౌరస్తా, దిల్‌సుఖ్‌నగర్, ఆ రెంటి మధ్య కొత్తపేట పండ్ల మార్కెట్టు. అంతే. అయినా చెప్పడానికి బోలెడంత ఉంది.

నా పేరు సుగుణ. దేవరకొండ దాటాక గుట్టల్లో ఉన్న తెల్లగుట్టపల్లిలో బ్రాంచి పోస్టుమాస్టర్ని. పోస్టాఫీసు అంటే మా ఇంటి ముందు గది. మా గుట్ట నిండా పలుగురాయి. వెన్నెల్లో చూస్తే సున్నం వేసినట్టు మెరుస్తుంది. ఆ రాయి కోసం గని తవ్వుతామని ఒక కంపెనీ వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నామని మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది. దానితోపాటు దిండంత మందాన ఇంగ్లీషు నివేదిక, నాలుగు పేజీల తెలుగు సారాంశం. సారాంశంలో రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి, ఈ గుట్టలో చెప్పుకోదగ్గ అడవి జంతువులు లేవు, కుందేళ్ళు, ఉడతలు, కాకులు మాత్రమే ఉన్నాయి. రెండు, ఏడాది పొడుగునా నీరుండే వనరు ఏదీ లేదు.

గుట్ట నడుమ చెలిమ ఉంది. రాతి సందులోంచి ఊరే చిన్న గుంట అది. మా బోర్లన్నిట్లో ఫ్లోరైడే. ఆ నీళ్ళు తాగిన పెద్దవాళ్ళ మోకాళ్ళు చూడండి, పిల్లల పళ్ళు చూడండి. చెలిమ నీళ్ళు తాగే ఇళ్ళలో ఆ బాధ లేదు. ఇది మాకు తెలుసు, కాగితానికి తెలియదు. రేపు గని వచ్చాక ఊట ఎండినా, చెడినా, ముందు బాగుండేదని రుజువేమిటి? అందుకే ఇవాళ్టి నీళ్ళు ఎలా ఉన్నాయో పరీక్ష చేయించి కాగితం మీద పెట్టించాలనుకున్నాను. కడిగి ఆరబెట్టిన అయిదు లీటర్ల నూనె డబ్బాలో చెలిమ నీళ్ళు పట్టి, మూతకు గుడ్డ కట్టి, పొద్దున్నే బస్సెక్కాను.

ఎల్బీనగర్ చౌరస్తా

అవి తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన రోజులు. మాల్ ఊరు దాటి, ఇబ్రహీంపట్నం దాటి, సాగర్ రోడ్డు మీద బస్సు బాగానే పరిగెత్తింది. ఎల్బీనగర్ చౌరస్తా ఇంకా కూతవేటు దూరం ఉందనగా ఆగిపోయింది. ముందు వరసగా బస్సులు, లారీలు. "వంటా వార్పు అమ్మా, అందరు దిగుండ్రి, తినిపోదాం" అన్నాడు కండక్టరు, పెళ్ళికి పిలిచినట్టు.

దిగి చూస్తే నిజంగా పెళ్ళిలాగే ఉంది. నడిరోడ్డు మీద ఇటుకల పొయ్యిలు, వాటి మీద ఇంతింత వంట గంజులు. ఒకవైపు డప్పులు, ఒకవైపు పాట. లాయర్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఒక పోలీసాయన పొగ కళ్ళలోకి పోకుండా అట్ట ముక్కతో విసురుకుంటూ, పప్పు ఎప్పుడవుతుందని అడుగుతున్నాడు. మా ఊళ్ళో ధర్నా అంటే మండలాఫీసు ముందు నలుగురు కూర్చోవడం. ఇక్కడ మొత్తం రోడ్డే వంటిల్లయింది. పాట వింటూ కాసేపు మైమరిచి నిలబడ్డాను.

తిరిగి చూసేసరికి నా డబ్బా ఒక పెద్దావిడ చేతిలో ఉంది. బోర్లా ఉంది. ట్యాంకరు రాలేదని, కండక్టరు సాయం చేద్దామనుకుని బస్సులో కనిపించిన నీళ్ళన్నీ దించి ఇచ్చాడట.

"అవ్వా, అవి పరీక్ష నీళ్ళు!" అని అరిచాను.

"పరీక్షనా? నీళ్ళకు ఏం పరీక్ష బిడ్డా, గ్రూప్ టూనా?" అందావిడ. చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలు విరగబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చివరి చుక్క కూడా పప్పు గంజులో పడిపోయింది.

ఆవిడ పేరు లక్ష్మమ్మ. సంగతి చెబితే నోరు నొక్కుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకేం ఎరుక బిడ్డా. జర తిను, కడుపుల పడ్డంక ఉపాయం దొరుకుతది" అంది. పావుగంటలో గంజు మూత తీసి తనే ఆశ్చర్యపోయింది. "గిదేంది, పప్పు గిట్ల మెత్తగయింది? మా బోరు నీళ్ళల్ల పొద్దంత ఉడకబెట్టినా పలుకుగనే ఉంటది!" పక్క పొయ్యి మీద బోరు నీళ్ళ పప్పు ఇంకా గింజ గింజగానే ఉంది. మా చెలిమకు అదే మొదటి పరీక్ష అనుకుంటాను. ఆ పప్పు నేను కూడా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. రుచి గురించి అబద్ధం చెప్పను, బాగుంది.

యాదగిరి ఇల్లు

మా చెల్లెలు సరోజ, ఆమె భర్త యాదగిరి ఎల్బీనగర్లో ఒక సందులో కిరాయికి ఉంటారు. పన్నెండేళ్ళ కిందట బావి ఎండిపోతే ఊరు వదిలి వచ్చారు. ఇప్పుడు యాదగిరికి సొంత టిప్పరుంది. నాదర్‌గుల్ వైపు కొత్త ప్లాట్లకు కంకర తోలుతాడు. అక్కడ విమానం నడపడం నేర్చుకునే వాళ్ళ చిన్న చిన్న విమానాలు తల మీద తిరుగుతుంటాయట. "మనం లోడు దించుతుంటె అవి దిగుతయి, ఎక్కుతయి. పనిలేనట్టు" అన్నాడు.

ఆ ఇంట్లో నా మొదటి ఇబ్బంది స్నానం. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. వచ్చాక వదలదు. తల జిగురు పట్టి, దువ్వెన మధ్యలో ఇరుక్కుంది. మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన గంటలో వాడకట్టంతా బిందెలతో బయట ఉంటుంది. పట్నంలో అన్నీ దొరుకుతాయంటారు గాని, నీళ్ళ దగ్గర మాత్రం మా ఊరికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు.

అన్నం తింటుండగా గని మాట ఎత్తాను. యాదగిరి ముద్ద ఆపాడు.

"వదినె, నువ్వు అడ్డం పడుతున్నవా?" అన్నాడు. "నేను ఎదురుచూస్తున్న దానికోసం. గని వస్తే నా టిప్పరు ఆడ పెడుత. కంపెనీ సారు మాటిచ్చిండు. ఊర్లె ఉంట, ఇంట్ల తింట. మనోళ్ళు ఎంతమంది ఈడ అడ్డా మీద కూలికి నిలబడుతుండ్రో చూసినవా? చౌరస్తాల పొద్దుగాల ఒకసారి నిలబడి చూడు."

"ఊట పోతే?"

"గని గుట్టకు అవుతల పక్క. సారే చెప్పిండు. చెలిమకు ఏం కాదు."

అడ్డా కూలీల గురించి అతను చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. మా ఊరి యువకుల్లో సగం మంది ఉత్తరాలు ఈ ఎల్బీనగర్ నుంచే వస్తాయి. వాటి మీద తపాలా ముద్ర కొట్టేది నేనే. వాళ్ళు తిరిగి రావడం నాకూ ఇష్టమే. ఒకవైపు వాళ్ళు, ఒకవైపు నీళ్ళు. ఆ పూట ఏది బరువో నాకు తేలలేదు.

దిల్‌సుఖ్‌నగర్

మరునాడు షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే చోట అయిదుగురం. నా మోచేయి ఎవరిదో తెలియనంత ఇరుకు. కొత్తపేట రాగానే ఆటో అంతా మామిడిపండ్ల వాసన. మార్కెట్టు బయట గడ్డిలో గుట్టలుగా పోసిన బంగినపల్లులు. మా దగ్గర పండు చెట్టు మీద ఉండగానే కోతులు సగం తింటాయి. ఇక్కడ ఒక్క పండుకు కూడా పంటిగాటు లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషుల కన్నా బోర్డులు ఎక్కువ. ఒక బిల్డింగుకు పన్నెండు బోర్డులు లెక్కపెట్టి మానేశాను. బ్యాంకు కోచింగు, టీచరు కోచింగు, కంప్యూటరు, ఇంగ్లీషు, హాస్టలు. ఏ ఉద్యోగం పేరు చెప్పినా దానికో మెట్లదారి ఉంది. ఒక టీకొట్టాయనను "నీళ్ళ ల్యాబు ఎక్కడ అన్నా?" అని అడిగితే చెయ్యి చూపించాడు. వెళ్ళి చూస్తే అది మంచినీళ్ళ క్యాన్లు నింపే ప్లాంటు. ఓనరు నన్ను గిరాకీ అనుకుని నెలకు ఎన్ని క్యాన్లు కావాలో రాసుకోవడం మొదలుపెట్టాడు. విషయం తెలిశాక నవ్వి, "మా నీళ్ళను కూడా ఆమెనే చూస్తది. పక్క సందుల, మిఠాయి దుకాణం మీద" అని దారి చెప్పాడు.

మిఠాయి దుకాణం మీద ఆ గదిలో జిలేబీ వాసన, మందుల వాసన కలిసిపోయి ఉన్నాయి. అక్కడ ఉన్నావిడ పేరు అన్నపూర్ణ. తెనాలి దగ్గర ఊరు. పొద్దున కోచింగు సెంటర్లో కెమిస్ట్రీ చెబుతుంది. మధ్యాహ్నం నుంచి నీళ్ళ పరీక్షలు. సన్నగా, చురుగ్గా, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది.

పప్పులో పోసిన కథ విని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "మంచి పనే జరిగిందిలెండి. నూనె డబ్బాలో తెస్తే నేనెలాగూ తీసుకునేదాన్ని కాదు" అని రెండు సీసాలు బల్ల మీద పెట్టింది. "ఇందులో మూడొంతులు, ఇందులో నిండుగా. మూత లోపల చెయ్యి తగలకూడదు. పట్టిన రోజే నా దగ్గరికి చేరాలి."

నా యాస గమనించి తలెత్తి చూసింది. "మీరు నల్గొండ వైపు వాళ్ళా?"

"అవును మేడం."

"మా వీధిలో ఈ మధ్య పలకరింపులు తగ్గాయండి. పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాం. రేపు రాష్ట్రం వస్తే మీరు కూడా నన్ను పొమ్మంటారా?" నవ్వుతూనే అడిగింది గాని, కళ్ళలో నవ్వు లేదు.

నోటికి వచ్చింది అనేశాను. "రిపోర్టు ఇచ్చేదాంక అయితే పోవొద్దు మేడం."

ఈసారి నిజంగా నవ్వింది. కిందికి కేకేసి రెండు టీలు, ఒక జిలేబీ పొట్లం తెప్పించింది.

బందు రోజు

మూడో రోజు బందు. బస్సులు లేవు. ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సీసాలు సంచిలో పెట్టుకుని నడుచుకుంటూనో, ఏ పాల బండి పట్టుకునో ఊరికి పోతానని ముందు రోజు సాయంత్రమే సరోజతో అన్నాను. యాదగిరి విని విసుక్కున్నాడు.

"నా బండి ఉండంగ నువ్వు నడుస్తవా? మంది ఏమనుకుంటరు? బైకును ఎవరు ఆపరు. నేను పోయి తెస్త. కానీ వదినె, నీ గని లొల్లి కోసం కాదు. నీ కాళ్ళ కోసం."

తెల్లవారుజామున బయలుదేరాడు. గని కావాలనే మనిషి చేతిలో సీసాలు పెట్టి పంపానని తర్వాత గుర్తొచ్చి కొంచెం పరేషానయ్యాను. ఏ బోరు నీళ్ళో పట్టుకొస్తే నాకేం తెలుస్తుంది? అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

నేను దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. జాతీయ రహదారి మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. డివైడరే వాళ్ళకు బౌండరీ. ఇరుకు ఆటోలో నిన్న కనబడని చెట్లు ఇవాళ కనిపించాయి. సగం షట్టరు ఎత్తిన ఒక హోటల్లో వంగి లోపలికి దూరి టీ తాగాను.

అన్నపూర్ణ గారు ఆ రోజు క్లాసులు లేవని, నేనిచ్చిన గని నివేదిక ముందేసుకుని కూర్చుంది. ఆవిడ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే, నేను మా గుట్ట జంతువులు ఒక్కొక్కటే రాయించాను.

"గుడ్డెలుగు" అన్నాను.

"అంటే గుడ్డి ఎలుగుబంటా?"

"గుడ్డిది కాదు మేడం, పేరే అంత. మా దిక్కు ఎలుగుబంటిని అట్లనే అంటం. పుట్టలు తవ్వి చెదలు తింటది."

"అలుగు" అంటే చెరువు అలుగు అనుకుంది. ఒళ్ళంతా పెంకులుండి, ముట్టుకుంటే ఉండ చుట్టుకునే జంతువని నేను నేల మీద కూర్చుని ముడుచుకుని చూపిస్తే, పాత జువాలజీ పుస్తకం వెతికి బొమ్మ పట్టుకుంది. ఏదుపంది, దుమ్ములగొండి, నెమలి, ఉడుము. పేజీ నిండింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారో పక్కన రాయమంది. మేకల మల్లమ్మ, తునికాకు కోసే వాళ్ళు, నేను.

"ఇప్పుడు నిజం చెప్పండి మేడం. గని వస్తే చెలిమ ఎండుతదా?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "తప్పకుండా ఎండుతుందని నేను అననండి. అలా అంటే అది కూడా ఈ రిపోర్టులాంటి మాటే అవుతుంది. ఊట రాతి పగుళ్ళలోంచి వస్తోంది. పేలుళ్ళకి ఆ పగుళ్ళు కదిలితే నీటి దారి మారిపోవచ్చు. గని గుంటలో చేరే నీళ్ళు తోడుతూ ఉంటే ఊట మట్టం దిగొచ్చు. ఎంత దూరంలో తవ్వుతారన్నదే అసలు ప్రశ్న. ఈ మ్యాపులో మీ చెలిమే లేదు. లేని దానికి దూరం ఎలా కొలుస్తారు? చెలిమ ఎండితే మీ ఎలుగుబంటి ఊరుకుంటుందా? నీళ్ళ కోసం ఊళ్ళోకి దిగుతుంది."

యాదగిరి చూసింది

ఎండ తగ్గుతుండగా మెట్ల మీద చప్పుడయింది. యాదగిరి ఒళ్ళంతా ఎర్రమట్టి. రెండు సీసాలు తడిగుడ్డలో చుట్టి, చంటిపిల్లను దించినట్టు బల్ల మీద దించాడు. తర్వాత గ్లాసుడు నీళ్ళు తాగి నా వైపు తిరిగాడు.

"వదినె, నేను పోయేసరికి చెలిమ కాడ గుడ్డెలుగు ఉంది. వీపు మీద పిల్ల. తల్లి వంగి తాగుతుంటె పిల్ల జారుతుంది, మళ్ళ బొచ్చు పట్టుకొని ఎక్కుతుంది. బండ ఎనుక కూసున్న. గంట కూసున్న. దగ్గు వస్తే నోట్ల తువ్వాల కుక్కుకున్న. అది పొయ్యినంకనే నీళ్ళు పట్టిన."

"భయం కాలేదా?"

"అయింది. కాకపోతె ఎట్ల? కానీ నాకు కోపం వచ్చింది దాని మీద కాదు." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "బండ ఎనుక కూసున్న కదా, నా పక్కనే ఎర్రరంగు పూసిన రాయి పాతి ఉంది. కంపెనోళ్ళ హద్దురాయి. చెలిమకు ఇరవై అడుగులు లేదు. గుట్టకు అవుతల అన్నడు నాకు. సారుకు ఫోన్ చేసి అడిగిన. 'అది తర్వాత చూద్దాం, నువ్వు మాత్రం మీటింగుల బాగ మాట్లాడాలె' అన్నడు."

కింద జిలేబీ నూనె మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అన్నపూర్ణ గారు సీసాల మీద తేదీ, చోటు రాసి, "నీళ్ళు పట్టినవారి పేరు?" అంది.

యాదగిరి నా వైపు చూశాడు.

"యాదగిరి అని రాయుండ్రి మేడం" అన్నాడు.

తిరుగు ప్రయాణం

నాలుగో రోజు మధ్యాహ్నం కాగితం చేతికొచ్చింది. ఫ్లోరైడు హద్దుకు చాలా లోపల. మెత్తటి నీళ్ళు. క్రిములు మాత్రం కొద్దిగా ఉన్నాయి, కాచి తాగమంది అన్నపూర్ణ గారు. "అది కూడా రాస్తున్నానండి. మంచి మాత్రమే రాస్తే ఎవరూ నమ్మరు" అంది. కింద సంతకం చేసి ముద్ర కొట్టింది. ముద్ర కొట్టడంలో నాకు అనుభవం ఉంది కదా, ఆవిడది కొంచెం వంకరగా పడిందని చెప్పకుండా ఉండలేకపోయాను.

కొత్తపేటలో ఒక చిన్న బుట్ట మామిడిపండ్లు కొన్నాను. చెప్పిన ధరకు సగానికి అడగమని సరోజ నేర్పింది. నేను సగానికి అడిగితే దుకాణమామె వెంటనే ఇచ్చేసింది. ఇంకా తక్కువకు అడగాల్సిందని దేవరకొండ దాకా బాధపడ్డాను.

సేకరణ రోజు

మా బడి ముందు షామియానా వేశారు. ఎల్బీనగర్ నుంచి మా ఊరి అడ్డా కూలీలు కూడా చాలామంది వచ్చారు. కంపెనీ వాళ్ళు తెప్పించిన మజ్జిగ బాగుంది, తాగాము. నేను లేచి జంతువుల పట్టీ, నీళ్ళ కాగితం చదివి అధికారికి ఇచ్చాను.

తర్వాత యాదగిరి పేరు పిలిచారు. కంపెనీ సారు ముందు వరసలోంచి చిరునవ్వుతో వెనక్కి చూశాడు.

"నాకు పని కావాలె సార్" అన్నాడు యాదగిరి. "ఈడున్న అందరికి కావాలె. ఊరు ఇడిసిపెట్టి పోయినోళ్ళం. పట్నంల బిందె నీళ్ళ కోసం మా ఆడోళ్ళు కొట్లాడుతుండ్రు. ఈడికొచ్చి మళ్ళ అదే కొట్లాట పెట్టుకోమంటరా? మీ కాగితంల చెలిమ లేదు. నేను చూసిన. గుడ్డెలుగు లేదు. అది కూడ చూసిన. ఉన్నయన్ని రాసి, మళ్ళ కొలిచి, హద్దురాళ్ళు జరిపి, అప్పుడు అడుగుండ్రి మమ్మల్ని."

అధికారి ముందు రిజిస్టరు ఉంది. అందులో రెండే గడులు. ఆయన పెన్ను పట్టుకుని, "నీ మాట అర్థమయింది. అనుకూలమా, వ్యతిరేకమా? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

"రెండూ కాదు సార్. ఇంకో గీత గీసి, అండ్ల రాయుండ్రి."

ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి. చెలిమనూ జంతువులనూ చేర్చి మళ్ళీ సర్వే చెయ్యాలని ఆ నివేదికను వెనక్కి పంపారు. ఇది రాసేనాటికి గని రాలేదు, రద్దూ కాలేదు. యాదగిరి ఎల్బీనగర్‌లోనే టిప్పరు తోలుతున్నాడు. ఎప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం మాత్రం అధికారి స్కేలు అడిగి తీసుకుని, పేజీ అంచున మూడో గీత గీశాడు. యాదగిరి సంతకం చేశాడు. అతని వెనక మేకల మల్లమ్మ వచ్చి వేలిముద్ర వేసింది. ఆమె వెనక అడ్డా కూలీలు లేచారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు. ఆ అంచు అంతా నిండిపోయి, ఇంక వేలు పెట్టే సందు కూడా లేనప్పుడు, అధికారి నా వైపు తిరిగి, "పోస్టుమాస్టర్ గారూ, మీ ఆఫీసులో తెల్లకాగితాలు ఉన్నాయా?" అని అడిగాడు.